పుస్తకానికి మైల లేదు

మార్కాపురం. గ్రంథాలయ రజతోత్సవానికి ముందురోజు సాయంత్రం. లోపల గ్రంథాలయం చూసుకునే రామసుబ్బయ్య. గడప బయట, మాలపల్లె మిషను బడి టీచరు మగ్దలీనమ్మ.

“అట్ల కాదు టీచరమ్మా, ఇంకోసారి చెప్పండి. గొంతు కొంచెం పెంచి. రేపు ఈ గది నిండా జనం ఉంటారు.”

“ఎన్నిసార్లు చెప్పాలయ్యా? చిలక్కు నేర్పినట్టు నేర్పుతుండారే.”

“చివరి వాక్యం దగ్గర తడబడుతుండారు. ‘ఈ గ్రంథాలయంలో నాకు ఏనాడూ...’”

“‘ఏనాడూ భేదం చూపలేదు.’ వచ్చు గదా. పొద్దున్నుంచి పొయ్యి ముందర కూర్చొని అదే వల్లిస్తుండా. మా ఆయన సంగటి మాడిందని అరిచినా, భేదం చూపలేదనే అన్నా.”

“భలేదానివే... భలేవారే.”

“అయ్యా, ఒక మాట. పోయిన వారందాకా నన్ను ‘ఏమ్మే’ అని పిలిచినారు. ఈ వారం ‘మీరు’ అంటుండారు. రేపు సభ అయిపోయినాక ఏమంటారో ఇప్పుడే అనుకుందాం, నాకు తికమక లేకుండా.”

“అలవాటు చేసుకుంటున్నాలే. రేపు జిల్లా బోర్డు ప్రెసిడెంటు గారి ముందర నోరు జారితే బాగుండదు గదా.”

“అంటే నా కోసం కాదు, ఆయన కోసం.”

“ఇద్దరి కోసం. అక్కడే నిలబడినారేంది? లోపలికి రండి.”

“ఈ రోజేనా?”

“రేపు వచ్చేదానివి... వచ్చేవారు, ఈ రోజు వస్తే ఏం? అందరూ రావచ్చని కమిటీ తీర్మానం చేసింది గదా.”

“తీర్మానం రేపటికొకదానికే చేసినారేమోనని.”

“రండమ్మా, రండి.”

“చెప్పులు ఇక్కడే విడుస్తా. అబ్బ, ఈ గడప ఇంత ఎత్తని నాకు తెలీదు. ఇన్నేళ్ళూ ఈ అరుగు కిందనే గదా నిలబడింది. సంజీవరావు పంతులుగారు పుస్తకం పట్టుకొని బయటికి వచ్చేవారు. తాలూకా కచ్చేరీ నుంచి గుమాస్తా వచ్చినా కుర్చీలోంచి కదలని మనిషి, మన టీచరు కోసం లేచి వచ్చినాడంట అని మా పల్లెంతా చెప్పుకున్నారు.”

“అంత పెద్దమనిషి ఆయన.”

“నాకు తెలీక కాదులేయ్యా. నన్ను లోపలికి రమ్మనడం కుదరక ఆయన బయటికి వచ్చేవారు. అయినా లేచినారు గదా. పుస్తకం కిటికీలోంచి విసిరెయ్యలా.”

“రేపు ఆ ముక్క చెప్పండి. లేచి వచ్చేవారని. కిటికీ సంగతి వద్దు.”

“కిటికీ లేకుండా లేవడం ఎట్ల గొప్పదవుతుంది?”

“వద్దులెండి. సభలో మంచిమాటలే చెప్పాలి. నేను చదివే గ్రంథాలయ చరిత్రలో కూడా అన్నీ మంచిమాటలే పెట్టినా.”

“ఆ మూల గుడ్డ కప్పి నిలబెట్టినారే, అదేనా రాయి?”

“అదే. మన పలకల గనుల్లోదే. ఎక్కడా చీలిక లేకుండా ఒకే పలకగా తీసినారు. గుడ్డ రేపు ప్రెసిడెంటు గారు తీస్తారు. మీరు ముందే చూడండి, ఎవరితో అనబాకండి.”

“గుడ్డ ఎత్తి పట్టుకోండి మరి, చదువుతా. ‘పుస్తకమునకు మైల లేదు. సంస్థాపకులు శ్రీ సంజీవరావు పంతులుగారి వాక్కు...’ ఇదే మాట! ఇదే వేయించినారా?”

“ఏందమ్మా, ఏడుస్తుండావా?”

“ఇది ఆయన నాతో అన్న మాటయ్యా. మొదటి పుస్తకం ఇచ్చినప్పుడు. నేను చెయ్యి చాపలా, కొంగు పట్టినా, అందులో పడేస్తారని. ఆయన పడెయ్యలా. ‘చెయ్యి పట్టమ్మా. మనుషులకు మైల ఉంటే ఉండొచ్చు, పుస్తకానికి మైల లేదు’ అని నా చేతిలో పెట్టినారు. నక్షత్రాల పుస్తకం అది.”

“ఆ మనుషుల ముక్క రాయి మీద వెయ్యలేదులే. చోటు చాల్లా.”

“చోటు చాల్లేదా, మనసు చాల్లేదా?”

“అబ్బబ్బ, మీతో మాట్లాడలేం టీచరమ్మా.”

“నవ్వులాటకు అన్నాలెండి. మా బడిలో ఓనమాలు అయినాక పిల్లలు పలక మీద మొదట రాసేది ఈ వాక్యమే. రేపు అందరూ ఇదే రాసుకొని, పలకలు గుండెలకు పెట్టుకొని, వరసగా ఈ గడప ఎక్కుతారు. నిన్నంతా ఆ పలకలు కడగడంతోనే సరిపోయింది. ఒకటి పగిలి బొటనవేలు కోసుకుంది. మళ్ళీ ఆ పాత గీత మీదనే.”

“పలకల ఊళ్ళో ఉండి పలక పట్టుకోవడం రాకపోతే ఎట్ల?”

“ఊళ్ళో లేనయ్యా, ఊరి బయట ఉండా. బడి పెట్టిన ఏడు పడింది ఈ గీత, ఇంక పోదు. అదుండనీండి, మీరేదో అద్దాల బీరువా చేయించినారంటనే, ఏదీ?”

“ఇటు రండి. ఇదీ మన గ్రంథాలయ చరిత్రంటే. కాగితం మీద నేను రాసింది కాదు, ఇది. పుస్తకానికీ పుస్తకానికీ మధ్యన ఎండిన వేపాకు పరిచినా. మూలలకు వసకొమ్ము మూటలు కట్టినా. ఇంకో వందేళ్ళు పురుగు రాదు.”

“వాసనే చెబుతుందిలే.”

“కింది అరలో పురాణాలు, కావ్యాలు. పై అర చూడండి. పూజలందుకున్న పుస్తకాలు! పుట పుటకూ పసుపు! పుస్తకాన్ని చదువులతల్లిగా కొలిచిన ఊరు మనది. ఇంతకన్నా సాక్ష్యం ఏంది? కింద చీటీ కూడా అంటించినా. ‘పసుపుతో అర్చింపబడిన గ్రంథములు.’”

“ఈ పసుపు నాకు తెలుసు. పంతులుగారిని అడిగినా కూడా. నక్షత్రాల పుస్తకం పిల్లలు మళ్ళీ కావాలంటే రెండోసారి తీసుకున్నా. తెరిచి చూస్తే పసుపు చుక్కలు. ఏందయ్యా ఇది అంటే, పూజ చేసినామమ్మా అన్నారు. ఇంటికి పోయి మా ఆయనతో గొప్పగా చెప్పినా, మనం చదివిన పుస్తకానికి ఊళ్ళో పూజ చేస్తుండారని.”

“ఏమన్నాడు?”

“చదివిన మనకు ఎప్పుడు చేస్తారో కనుక్కొని రా అన్నాడు.”

“మీ ఆయనకూ నోరెక్కువే.”

“ఇదేంది, పశువుల వైద్యం పుస్తకం! కాటమరాజు గొర్రెలకు గాలికుంటు తగిలినప్పుడు దొడ్డి దగ్గర కూర్చొని చదివి వినిపించినా. గొర్రెలు కూడా చెవులొగ్గి విన్నాయి. ఇది పురుళ్ళ పుస్తకం. చెంచమ్మకు నొప్పులు వస్తుంటే వాకిట్లో నిలబడి చదివినా, మంత్రసాని నన్ను తిట్టని తిట్టు లేదు. ఇది భూగోళం. అయ్యా, ఈ అరలోవన్నీ నేను తీసుకుపోయినవే!”

“అట్లనా? మంచి పుస్తకాలే ఏరుకున్నారు.”

“అన్నీ నావే. కింది అరలోవి నేనెప్పుడూ తీసుకోలా. వాటికి పసుపు లేదే?”

“అవి... అవీ పాతవే.”

“పాతవే. పురాణాలు గదా అవి. పురాణాలకు పూజ చెయ్యకుండా గొర్రెల వైద్యానికి చేసినారా?”

“అంటే, ఆ రోజుల్లో ఏది చేతికందితే అది... కిటికీ తెరుస్తా ఉండండి, వెలుతురు చాల్లా.”

“చాలుతుంది. ఇది బొట్టు పెట్టినట్టు లేదయ్యా. చల్లినట్టు ఉంది. వాకిట్లో కల్లాపి చల్లితే పడతాయే చుక్కలు, అట్ల.”

“పూజలో అక్షింతలు చల్లుతాం గదా, ఆ తడి అయ్యుండొచ్చు.”

“పుట పుటా తెరిచి అక్షింతలు చల్లుతారా?”

“టీచరమ్మా, ఇప్పుడివన్నీ ఎందుకు? చివరి వాక్యం ఇంకోసారి...”

“రామసుబ్బయ్య గారూ, అడిగినదానికి చెప్పండి.”

“అదిగో, పిన్నమ్మ వస్తుంది.”

గ్రంథాలయానికి ఆనుకున్న ఇంటి పెరటి దోవన, చేతికర్ర ఊతంతో, సంజీవరావు భార్య వెంకటసుబ్బులమ్మ వచ్చింది.

“సుబ్బయ్యా, ఎవర్రా లోపల? తెలిసిన గొంతే.”

“మగ్దలీనమ్మ టీచరు, పిన్నమ్మా.”

“లోపలా?”

“తీర్మానం చేసినాం గదా పిన్నమ్మా, చెప్పినా గదా మీకు.”

“చేసుకోండి, చేసుకోండి. ఆయన లేరు గదా. ఏమే మగ్దలీనా, బాగున్నావా?”

“బాగున్నా అమ్మగారూ. మీ కళ్ళు ఎట్ల ఉన్నాయి?”

“పొర కమ్మినాయే. మనుషులు నీడల్లాగ కనపడతారు. ఆయన బొట్టు మాత్రం కనపడుతుంది నాకు. సుబ్బయ్యా, బీరువా తియ్యి, పొద్దున మడి విడవక రాలేకపోయినా.”

“ఏం బొట్టు అమ్మగారూ?”

“నీకు చెప్పలేదా వీడు? ఆ నక్షత్రాల పుస్తకం తియ్యరా. అట్ట లోపల, చూడే. గ్రంథాలయం తెరిచిన నాడు మొదటి పుస్తకానికి ఆయన తన వేలితో పెట్టిన పసుపు బొట్టు. ఆయన పోయినాక సుబ్బయ్య పుస్తకాలు దులుపుతుంటే బయటపడింది. నా నుదుట ఏం మిగల్లేదు గదే. అదొక్కటి మిగిలింది. రోజూ వచ్చి కళ్ళకద్దుకొని పోతా.”

“పిన్నమ్మ ఒకతే కాదు టీచరమ్మా, కమిటీ అందరం అద్దుకున్నాం. రేపు ప్రెసిడెంటు గారూ అద్దుకుంటారు. వేలిముద్ర ఎంత తేటగా పడిందో చూడండి, నడుమ గీతతో సహా.”

“ఆయన వేలికి అట్లాంటి గీత ఉందని కాపురం చేసిన నాకే తెలీదురా. పోయినాక తెలిసింది. ఏందే మగ్దలీనా, మాట్లాడవు?”

“ఏం లేదమ్మగారూ. అమ్మగారూ, ఒకటి అడుగుతా. ఈ అరలో పుస్తకాలకంతా పసుపు చల్లి ఉంది. పూజ చేసినారా వీటికి?”

“పూజేంది? అవి నీ పుస్తకాలు గదే.”

“పిన్నమ్మా, కూర్చోండి, కుర్చీ వేస్తా...”

“ఉండరా, మాట్లాడనీ. నీ దగ్గర్నుంచి వచ్చిన పుస్తకం వచ్చినట్టే పెరట్లో పీట మీద పెట్టించేవారు. నేను చెంబులో పసుపు నీళ్ళు కలిపి ఇచ్చేదాన్ని. ఆయన మామిడాకుతో చల్లేవారు, పుట పుటా తెరిచి. ఎండలో ఆరినాకనే లోపలికి.”

“పుట పుటానా?”

“ఆయన దేంట్లోనూ తొందర మనిషి కాదు.”

“నాతో పూజ అన్నారే అమ్మగారూ.”

“మరి నీ మొహాన ఎట్ల చెబుతారు? మెత్తని మనసు గదా.”

“పుస్తకానికి మైల లేదన్నారు.”

“అన్నారు. కమిటీలో వాళ్ళు ఒప్పుకుంటేనా? పల్లెకు పోయిన పుస్తకం మా ఇళ్ళకు రాకూడదు, తగలబెట్టండి అని కూర్చున్నారు. ఈయన పసుపు నీళ్ళతో సరిపెట్టినారు, నీకు పుస్తకం ఆగిపోకూడదని. తప్పా అది?”

“వాళ్ళు చల్లమన్నారు.”

“ఆఁ.”

“వాళ్ళల్లో ఇప్పుడు ఎవరున్నారమ్మగారూ? ఈ భూగోళం పుస్తకం నేను మొన్న, యుద్ధం మొదలైనాక తీసుకుంది. పేపర్లో ఊళ్ళ పేర్లు ఎక్కడివో పిల్లలకు చూపించాలని. అప్పటికి పట్టుబట్టేవాళ్ళు ఎవరూ మిగల్లా. దీనికీ చుక్కలు ఉన్నాయే.”

“అలవాటైపోయింది. చల్లకపోతే ఆయనకు మనసొప్పేది కాదు.”

“చల్లకపోతేనా?”

“ఏంది అట్ల అడుగుతావు? పసుపు మంచిదే గదే. దేవుడికి పెట్టేదే గదా.”

“దేవుడికీ పెడతారు, మైలకూ చల్లుతారు. మీద పడేవాళ్ళకు అది పూజో మైలో ముందుగా చెప్పాల గదమ్మగారూ.”

“ఏమోనే, అంత లోతు నాకు తెలీదు. ఆయన పొయ్యమన్నట్టు నీళ్ళు పోసినా, కలపమన్నట్టు పసుపు కలిపినా. మనసులో పెట్టుకోబాక. రేపు ఆయన గురించి నాలుగు మంచిమాటలు చెప్పు. నేను ముందు వరసలో కూర్చుంటా. నీ మొహం కనపడదు, గొంతు వినపడుతుంది, చాలు. సుబ్బయ్యా, పుస్తకం ఇట్ల పట్టుకో. ఊఁ. అద్దుకున్నా. బీరువా మూసెయ్యి. దీపం పెట్టే వేళయింది, పోతా.”

“మెల్లగా పిన్నమ్మా, మెట్టు ఉంది.”

“తెలుసు లేరా, నా ఇంటి మెట్టు నాకు తెలీదా.”

ఆమె వెళ్ళిపోయింది.

“మీకు తెలుసా అయ్యా?”

“దేవుడి మీద ఒట్టేసి చెబుతుండా...”

“దేవుణ్ణి వదిలెయ్యండి, ఇందాకట్నుంచి ఆయనకు పసుపుతోనే సరిపోయింది.”

“తెలీదు. అనుమానం ఉండేది. మీరు చూసిందే నేనూ చూసినా. గురువు గారి మీద అట్లాంటి మాట అడగకూడదని అడగలా.”

“అడక్కుండా చీటీ రాసినారు.”

“పూజ అని రాస్తే పూజే అవుతుందనుకున్నా.”

“సరే. నేను పోతా. రేపు నా కోసం చూడబాకండి.”

“టీచరమ్మా! అట్లంటే ఎట్ల? ఆహ్వానాల్లో మీ పేరు అచ్చయింది. ఈ యుద్ధం రోజుల్లో కాగితం దొరక్క గిద్దలూరు దాకా పోయి తెచ్చి వేయించినాం.”

“కాగితం మీద ఉంటా గదా, చాలు. అది మా పల్లె నుంచి రాలేదు, చల్లే పని కూడా లేదు.”

“పిల్లలు? పలకలు కూడా కడిగి పెట్టినానన్నారే.”

“అదేనయ్యా నాకు. పొద్దున్నే పలకలు పట్టుకొని వాకిట్లో నిలబడతారు. రాసింది తుడవండిరా అని ఏ నోటితో చెప్పాల? ఈ వాక్యంతో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు బిడ్డల తల్లులైనారు. ఆ బిడ్డలకూ నేనే దిద్దిస్తుండా. అందరి చేతా అబద్ధం దిద్దించినా.”

“మాట అబద్ధం కాదమ్మా. చూడండి, మాట మంచిదే. అన్న మనిషి...”

“అన్న మనిషే పుట పుటా తెరిచి చల్లినాడు.”

“పంతులుగారిని ‘చల్లినాడు’ అంటుండారు మీరు.”

“నోరు జారింది. మీకు జారినట్టే.”

“ఆయన లేకపోతే మీకు ఒక్క పుస్తకమన్నా వచ్చేదా? కాటమరాజు గొర్రెలు బతికేవా? చెంచమ్మ బతికేదా? అది కూడా ఆలోచించండి.”

“ఆలోచిస్తుండా. అదే గదా మింగుడు పడనిది. తగలబెట్టమన్న వాళ్ళ మీద నాకు కోపం లేదయ్యా. వాళ్ళు నన్ను చెయ్యి పట్టమ్మా అనలేదు.”

“...రాయి తీయించెయ్యమంటారా?”

“ఎందుకు? ఒక చీలిక కూడా లేకుండా తీసినారు. రాయి మీద మీరు చెక్కుకున్నారు, మీది మీకు ఉంటుంది. నాది పలక. తుడిస్తే పోతుంది.”

“పోనీ, ఆ చీటీ తీసేస్తా. ఇదిగో, చింపేసినా. పై అర మొత్తం ఖాళీ చేస్తా. నక్షత్రాల పుస్తకం ఒక్కటే ఉంచుతా. చల్లింది కమిటీ కోసం అనుకోండి. ఆ బొట్టు మటుకు ఆయన మనసులోంచి పెట్టింది గదా. అదొక్కటన్నా నిజం పూజే గదా. దాని మొహం చూసి రండి రేపు.”

“ఆ పుస్తకం ఇట్ల ఇవ్వండి.”

“మెల్లగా. చెరుగుతుంది.”

“చెరగదు. నూనెలో కలిపి పెట్టింది. చూడండి, చుట్టూ నీళ్ళు పడినాయి, ఉబ్బి ఆరింది కాగితం. బొట్టు పోలేదు.”

“నూనెలోనా? మీకెట్ల తెలుసు?”

“రెండోసారి తెచ్చుకున్నానని చెప్పినా గదా. ఊళ్ళోవాళ్ళు పుస్తకానికి పసుపు పెట్టి ఇచ్చినారు, మనం ఉత్తది తిరిగి ఇస్తే మర్యాద కాదు అనుకున్నా. వంటింట్లో పసుపే. మా పాస్టరు గారికి తెలిసి గుళ్ళో అందరి ముందర తిట్టినారు. మళ్ళీ ఎప్పుడూ పెట్టలా.”

“టీచరమ్మా, ఏందమ్మా మీరనేది?”

“ఇదిగో నా బొటనవేలు. పక్కన పెట్టి చూసుకోండి.”

“గీత... నాయనా. అదే గీత. కమిటీ అందరం... నేను రోజూ... పిన్నమ్మ! పిన్నమ్మకు ఏమని చెప్పాల నేను?”

“ఆమెకు చెప్పబాకయ్యా. పొర కమ్మిన కళ్ళు. పసుపు నీళ్ళు చల్లుకుంటే మండుతాయి.”